ఎడమ స్క్రీన్‌కి కుడి దారి

నా చెయ్యి ఇప్పుడు బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నొప్పితో ఉన్న రోజుల్లో నేను ఫోనులో వెతికి చదివినవన్నీ మొదటి నుంచీ భయపెట్టి, చివరికి ఆ మనిషికి ఏమైందో చెప్పకుండానే ఆగిపోయేవి. ఒక్కోటి చదివి, ఫోను పక్కన పడేసి, కాసేపు ఏడ్చి లేచేదాన్ని. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా మణికట్టులో మంట, వేళ్ళలో తిమ్మిరి ఉంటే నిమ్మళంగా చదవండి. నేను కోలుకున్నాను, పనిలో ఉన్నాను.

నా పేరు సుగుణ. కర్నూల్లో ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. పాత భూమి రిజిస్టర్ల పేజీలు చూసి కొత్త ఫారాల్లోకి ఎక్కించడం, పొలాల పటం మీద గట్లు గీయడం మా పని. ఒక్కొక్కరికి రెండు స్క్రీన్లు. ఒకదాంట్లో స్కాన్ చేసిన చేతిరాత రిజిస్టరు, ఇంకోదాంట్లో ఫారమూ పటమూ. ఏనాటి కరణమో గొలుసుకట్టు రాతలో రాసిన సర్వే నంబరు ఇక్కడ చూసుకుని, మౌసుతో పక్క స్క్రీన్‌లోకి పోయి, ఆ పొలం మీద నొక్కి, మళ్ళీ వెనక్కి రావాలి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఈ పోవడం రావడమే. మేం ఆరుగురు ఆడవాళ్ళం ఒకే వరసలో కూర్చుంటాం. అందరికంటే ఎక్కువ పేజీలు చేసేది నేనే. ఆ సంగతి మిగిలిన ఐదుగురికీ గుర్తుండేలా నడుచుకునేదాన్ని కూడా, ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటి మనిషిని నేను. మా నాన్న, మా మేనత్త కోయిలకుంట్ల పక్క ఊళ్ళో కూలికి పోయి బతికినవాళ్ళు. ఆ మేనత్తే ఇప్పుడు నాకు అత్త, పేరు దీవెనమ్మ. ఆమె కొడుకు దావీదు నా భర్త, బోరు మోటర్లకు వైండింగ్ చేస్తాడు. పాపకు ఏడాది నిండగానే మా అత్త నన్ను పనికి తరిమింది. "నువ్వు చదివిన చదువు పొయ్యిలో పెట్టేదానికా? పో, పనికి పో. బిడ్డని నేను సూసుకుంటా" అంది. ఆ సీటు నాకు జీతం ఒక్కటే కాదు. అందుకే ఈ కథలో నా భయమంతా ఆ సీటు గురించే.

జూలై

మొదట్లో తెల్లవారుజామున వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్ళు. చెయ్యి నాలుగుసార్లు విదిలిస్తే పోయేది. ఆఫీసులో అందరం విదిలించేవాళ్ళమే కాబట్టి, అది పనిలో భాగం అనుకున్నాను. మా వరసలో ఎవరు చెయ్యి విదిలించినా పక్కన కూర్చునే రెహానా "ఏమక్కా, ఎలుక కరిచిందా?" అని అడిగేది, అందరం నవ్వేవాళ్ళం.

నెల చివరికి నవ్వు తగ్గింది. మౌసు పట్టుకుంటే మణికట్టు నుంచి మోచేతి దాకా మంట. పెన్ను పట్టుకుంటే అక్షరం వంకర. ఆ నెలలో ఎక్కించాల్సిన గ్రామాలు ఎక్కువ ఉండడంతో మధ్యాహ్నం అన్నం కూడా ఎడమ చేత్తో స్పూనుతో తింటూ, కుడి చేత్తో పేజీలు తిప్పాను. అప్పుడు నన్ను ఎవరైనా మెచ్చుకుంటే ఆ మంట కూడా మర్చిపోయేదాన్ని. ఇది చదివేవాళ్ళు మాత్రం అలా చేయకండి.

ఆగస్టు

మా చర్చిలో నెలకోసారి ప్రభు భోజనం ఇస్తారు. చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం. ఆ ఆదివారం మోకాళ్ళ మీద కూర్చుని గ్లాసు అందుకున్నాను. అందుకున్నాననే అనుకున్నాను. వేళ్ళకు అది అందిన సంగతి తెలియలేదు. గ్లాసు జారి, నా తెల్లచీర మీద పడి, కింద బండ మీద పగిలింది. చర్చి అంతా ఒక్క క్షణం పాట ఆపేసింది. నాకు అక్కడికక్కడ భూమిలోకి పోవాలనిపించింది. అందరికీ పవిత్రమైనది నా చేతిలో నుంచి జారిపోయింది, అదీ ఎవరూ తోయకుండా. పాస్టరమ్మ గారు మాత్రం లేచి వచ్చి నా పక్కన మోకరించి, పగిలిన ముక్కలు ఆమే ఏరి, ఇంకో గ్లాసు నా పెదాలకు ఆనించారు.

ఇంటికొచ్చాక దావీదుతో గొడవ. నేను చెప్పలేదని ఆయన కోపం, చెప్పినా పట్టించుకోలేదని నా కోపం.

"మౌసు ఎంత బరువుంటాది మే? నేను దినామూ మోటర్లు ఎత్తుతాండా. నాకు రాని నొప్పి నీకెట్లొచ్చె?" అన్నాడు.

"బరువు కాదు బావా, కదలిక. దినమంతా అదే కదలిక" అన్నాను.

"మా అమ్మను చూడు, పత్తి తీసి తీసి ఈ వయసుకొచ్చింది. ఒక్కనాడన్నా చెయ్యి నొస్తాందనిందా?"

మా అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఒక్క మాట నా వైపు మాట్లాడవచ్చు కదా అనుకున్నాను.

అయినా మా ఆయన మనసు మెత్తనే. మర్నాడే మోటారుబండి మీద కూర్చోబెట్టుకుని, తెలిసినవాళ్ళు చెప్పిన కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నూనె రాసి, గట్టిగా గుడ్డ చుట్టి, వారం విప్పొద్దన్నాడు. మూడోరోజుకి వేళ్ళు ఉబ్బి నీలం రంగుకి తిరిగాయి. దావీదే కత్తెర తీసుకుని కట్టు కోసేశాడు. కోస్తున్నంతసేపూ తిట్టుకున్నాడు, కట్టు కట్టినాయన్ను కాదు, తనను తానే.

ఆఫీసులో మా సూపర్‌వైజర్ నాగరాజు సార్‌కి చెయ్యి చూపించాను. ఆయన "సుగుణమ్మా, రెండు నెలలు నీ సీటు నేను ఎట్లో ఒగట్ల కాపాడతా. ఆపైన పైనోళ్ళు నా మాట ఇనరు. బాగై రామ్మా" అన్నారు. నా స్క్రీన్లు ఆపేసి, టిఫిన్ డబ్బా తీసుకుని, మెట్లు దిగుతుంటే రెహానా వెనకాలే వచ్చి నా సంచి మోసింది. నన్ను ఆటో ఎక్కించి, సంచి నా ఒళ్ళో పెట్టింది.

సెప్టెంబరు

పెద్దాసుపత్రిలో నరాల పరీక్ష గది ముందు బెంచీలు రెండే ఉన్నాయి. మనుషులు నలభైమంది. మొదటిరోజు నా పేరు రాకముందే గది మూసేశారు. రెండోరోజు మళ్ళీ పోయాను. పక్కన ఒక పెద్దాయన, తలకు తువ్వాలు, కాలి వేళ్ళు మొద్దుబారి వచ్చాడు. కోడుమూరు పక్క ఊరట. నేను నీళ్ళ సీసా మూత తిప్పలేక తంటాలు పడుతుంటే తీసుకుని తిప్పి ఇచ్చాడు.

"చేతికేమాయె పాపా?"

చెప్పాను. రెండు స్క్రీన్లు, మౌసు, పొలం గట్లు. ఆయన కళ్ళు పెద్దవి చేసుకున్నాడు.

"అయితే మా చేను గూడ నువ్వే గీసినావేమో! మా గట్టు నడిమిట్ల వంకర తిరిగి ఉంటాది తల్లీ. మా తాత కాలం నుంచీ అంతే. నువ్వు తిన్నంగ గీసినావంటే మా పక్కచేనోడు కట్టె తీసుకోనొస్తాడు, సూసుకో."

చాలా రోజుల తర్వాత నేను నవ్వింది అప్పుడే. వంకర ఉంటే వంకరే గీస్తాం పెద్దాయనా, అందుకే చెయ్యి ఇట్లయింది అన్నాను. ఆయన తువ్వాలు తీసి బెంచీ మీద నా చోటులో పరిచి, నన్ను టీ తాగి రమ్మన్నాడు. "ఎవురన్నా కూసుంటే నేను కొట్లాడతా, పో" అన్నాడు. తిరిగొచ్చేసరికి నిజంగానే ఒకరితో వాదిస్తూ ఉన్నాడు.

పరీక్షలో చేతికి చిన్న చిన్న కరెంటు తగిలిస్తారు. నొప్పి పెద్దగా లేదు కానీ, ప్రతిసారీ ఒళ్ళు ఉలిక్కిపడేది. మణికట్టు దగ్గర నరం నలుగుతోందని డాక్టరు చెప్పారు. చేతికి పట్టీ, మందులు, వ్యాయామాలు, విశ్రాంతి. తగ్గకపోతే ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం అన్నారు. నాకు చివరి మాటే వినిపించింది. బస్సులో ఇంటికి వస్తూ, ఈ చేత్తో ఇక మౌసు పట్టలేను, సీటు పోయినట్టే అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

ఆ సాయంత్రం మా అత్త నా పక్కన కూర్చుని పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది కడితే తగ్గుతాదంటనా?" అంది. తగ్గొచ్చు అన్నాను.

"నాకూ అట్లే ఉండాది లేమ్మా" అంది నెమ్మదిగా. "ఈ మూడు వేళ్ళే. పత్తి తీసే కాలం నుంచీ. సూదిలో దారం ఎక్కీలేను. తెల్లారి లేస్తే చెయ్యి నాది కాదు. అందరికీ అట్లే ఉంటాదేమో అనుకుంటి."

"ఎప్పుడూ చెప్పలేదే అత్తా?"

"యెవురడిగినారు?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అడిగితే చెప్పేదాన్ని అన్నట్టే అంది. దావీదు గడపలో నిలబడి విన్నాడు. చెప్పులు విప్పబోయినవాడు అట్లాగే ఆగిపోయాడు. నేను ఆమె చెయ్యి నా ఎడమ చేతిలోకి తీసుకున్నాను. ఇన్నేళ్ళు ఆ చేత్తో నా బిడ్డను ఎత్తుకుని పెంచింది, నేను ఆఫీసులో మొదటి స్థానంలో ఉండడానికి. నాకు ఏడుపు ఆగలేదు. నా నొప్పికి కాదు ఆ ఏడుపు. పొయ్యి దగ్గర ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడు అర్థమై, ఆ రోజు వచ్చిన కోపానికి సిగ్గుపడ్డాను.

మర్నాటి నుంచి సంగటి గెలకడం దావీదు పని అయింది. ఉండలు ఉండలుగా చేసేవాడు. పాప ఒక్కో ఉండ ఏరి తీసి వాళ్ళ నాన్న కంచంలో పెట్టేది. పాస్టరమ్మ గారు రోజూ పొద్దున వచ్చి నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి, ఆ తర్వాత కూర్చుని పాపకు రెండు జడలు వేసి బడికి పంపేవారు. ప్రార్థన నాకు బలమిచ్చింది. ఆ జడలు అంతకంటే తక్కువేమీ ఇవ్వలేదు. వారం తిరక్కుండానే మా అత్తను కూడా అదే ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇంట్లో రెండు పట్టీలు అయ్యాయి, ఒకటి నాకు, ఒకటి ఆమెకు.

అక్టోబరు

వ్యాయామాలు చేయించే గదిలో ఒక ఫిజియోథెరపీ మేడమ్ ఉండేది. నాకంటే చిన్నది, మాట మాత్రం కరుకు. మూడోవారం తిమ్మిరి కొంచెం తగ్గింది కానీ, భుజం, మెడ పట్టేసి ఉండేవి. ఆమెకు అది అర్థం కాలేదు. ఒకరోజు ఖాళీ సబ్బుపెట్టె ఒకటి నా ముందు టేబుల్ మీద పెట్టింది.

"ఇదే నీ మౌసు అనుకో. ఆ గోడ నీ స్క్రీన్లు. ఆఫీసులో ఎట్ల చేస్తావో అట్ల చెయ్. తొందరేం లేదు."

నేను కళ్ళు మూసుకున్నా చేయగలను ఆ పని. ఎడమవైపు స్క్రీన్‌లో నంబరు చూడడానికి తల ఎడమకు తిప్పి, సబ్బుపెట్టెను కుడివైపుకి మూడుసార్లు ఎత్తి ఎత్తి తోశాను. ఆమె ఆపమంది. మళ్ళీ చేయమంది. మళ్ళీ అలాగే చేశాను.

"ఇదేందమ్మా, కళ్ళు అట్ల పోతే చెయ్యి ఇట్ల పోతాంది?"

"ఎడమ స్క్రీన్‌కి పోవాలంటే కుడికే తొయ్యాల కదా మేడమ్."

"యాడన్నా అట్ల ఉంటాదా?"

సబ్బుపెట్టె మీద నుంచి చెయ్యి తీసేశాను.  అప్పుడు కదా గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట నేను చేరినప్పుడు రిజిస్టరు స్క్రీన్ కుడివైపే ఉండేది. మా గదికి పడమటి కిటికీ. మధ్యాహ్నం దాటితే కర్నూలు ఎండ నేరుగా ఆ స్క్రీన్ మీద పడి ఒక్క అక్షరం కనపడేది కాదు. ఒక వేసవిలో ఓపిక నశించి, మేం ఆరుగురం చెంగులు బిగించి, ఆరు స్క్రీన్లనూ ఎత్తి ఎడమవైపు పెట్టేశాం. ఎండ బాధ తప్పింది. స్క్రీన్ జరిగిందని మాకు తెలుసు, కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. దాని లెక్కలో ఆ స్క్రీన్ ఇంకా కుడివైపే ఉంది. అందుకే మౌసుతో కదిలే బాణం కుడి అంచు దాటితే ఎడమ స్క్రీన్‌లో తేలేది.

మొదటి రెండు రోజులు తికమకపడ్డాం, ఆ తర్వాత చేతికి అలవాటైపోయింది. కొత్తగా ఎవరు చేరినా నేనే పక్కన కూర్చుని "ఎడమకి పోవాలంటే కుడికి తొయ్యి, మన దగ్గర అంతే" అని నేర్పించాను. బయటివాళ్ళు వచ్చి మా కంప్యూటర్లు పట్టుకుంటే బాణం దొరక్క తిప్పలు పడేవాళ్ళు. మేం గర్వంగా నవ్వుకునేవాళ్ళం. పైగా గట్లు సన్నగా గీయాలని బాణం వేగం పూర్తిగా తగ్గించి పెట్టుకున్నాం. రిజిస్టరు పని చేసేటప్పుడు కూడా దాన్ని మార్చలేదు. ఒక స్క్రీన్ నుంచి ఇంకోదాంట్లోకి పోవడానికి మౌసును మూడుసార్లు ఎత్తి ఎత్తి జరపడం అందుకే.

మేడమ్ కాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "దీనొక్కదాని వల్లే వచ్చిందని నేననను. విరామం లేకపోవడం, గట్టిగా పట్టుకోవడం, నొప్పొచ్చినా ఆపకపోవడం, అన్నీ ఉండాయి. కానీ తల ఒక పక్క, చెయ్యి ఒక పక్క దినమంతా గుంజుకుంటాంటే మెడ పట్టకేం చేస్తాది?"

బయటికొచ్చి, వరండాలోనే నిలబడి రెహానాకి ఫోన్ చేశాను. సెట్టింగుల్లో రెండు స్క్రీన్ల బొమ్మలుంటాయి, రెండో బొమ్మను పట్టుకుని మొదటిదానికి ఎడమవైపు పెట్టు అని చెప్పాను. అరనిమిషం పని. ఆమె ఆరు కంప్యూటర్లకూ చేసేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది. "అక్కా, నీవల్ల అందరూ నన్ను తిడుతాండారు. పొద్దన్నుంచి ఒక్కరికీ బాణం దొరకల్యా. అందరం కుడి గోడకి గుద్దుకుంటాండాం. సార్ గూడ వచ్చి, ఎవురు చేసినారీ పని అని అరిచిపాయె."

"తిరిగి పాత పద్ధతికి మార్చేస్తారా?" అని భయంగా అడిగాను.

"నేను మార్చనిస్తానా? వారం ఓర్చుకోండి, అయినా కుదరకపోతే మారుస్తా అని చెప్పినా. చెప్పేసి సెట్టింగులు యాడుంటాయో మర్చిపోయినట్టు ఉండాలని ఖుదాకి మాటిచ్చినా" అంది. ఆ వారం గడిచాక మార్చమని ఎవరూ అడగలేదట. భుజాలు తేలిగ్గా ఉన్నాయని, అప్పటిదాకా బరువుగా ఉండేవని వాళ్ళకు అప్పుడే తెలిసిందట.

నాకైతే ఆ కబురు విని సంతోషం, ఉడుకుమోతుతనం రెండూ వచ్చాయి. నా సీట్లో తాత్కాలికంగా కూర్చున్న అమ్మాయి కూడా చకచకా చేస్తోందని రెహానా నోరుజారి చెప్పింది. రెండు నెలల గడువుకి పన్నెండు రోజులే మిగిలాయి.

నవంబరు

పన్నెండు రోజులూ వ్యాయామం ఒక్కపూటా మానలేదు. మా అత్తా నేనూ గోడకు ఎదురుగా కూర్చుని, పాప లెక్క పెడుతుంటే, వేళ్ళు చాచి ముడిచేవాళ్ళం. ఇద్దరిలో ఆమె తప్పు చేస్తే పాప ఊరుకునేది, నేను చేస్తే మొదటి నుంచి మళ్ళీ చేయించేది. ఆపరేషన్ ఇప్పటికి అవసరం లేదని డాక్టరు అన్న రోజు దావీదు ఆసుపత్రి గేటు దగ్గరే జిలేబీ కొని, ఎవరో తెలియని ముగ్గురికి పంచిపెట్టాడు.

ఆఫీసులో నాగరాజు సార్ మొహమాటం లేకుండా చెప్పారు. "వారం సూస్తాం సుగుణమ్మా. కుదిరితే ఉండు. కుదరకపోతే నన్ను తప్పు పట్టుకోవద్దు."

ఆ వారం నేను మా వరసలో అందరికంటే వెనకబడి చేశాను. బాణం వేగం పెంచాను, గట్లు గీసేటప్పుడే తగ్గించుకున్నాను. మౌసును పిడికిలితో కాకుండా చెయ్యి ఊరికే ఆనించి పట్టుకోవడం నేర్చుకున్నాను. మౌసుతో చేసే పనుల్లో సగం కీబోర్డు మీటలతోనే అవుతాయని రెహానా ఎక్కడో చూసి, కాగితం మీద రాసి నా స్క్రీన్‌కి అంటించింది. అరగంటకోసారి లేచాను. లేవడం మర్చిపోతానని పెద్ద సీసా మాని, చిన్న గ్లాసుతో నీళ్ళు పెట్టుకున్నాను. అది అయిపోతే లేచి పోవాల్సిందే. నేను లేచినప్పుడల్లా నాగరాజు సార్ తన అద్దాల గది నుంచి చూస్తున్నారేమో అని అటు ఓ చూపు వేసేదాన్ని. నాలుగోరోజు మణికట్టులో చిన్న మంట మొదలైంది. పాత సుగుణ అయితే పళ్ళు బిగించి ఇంకో పది పేజీలు చేసేది. నేను ఆపేశాను. కాసేపు కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చాచుకున్నాను. ఆపడానికి నాకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో మా వరసలో వాళ్ళకు తప్ప బయటివాళ్ళకు అర్థం కాదేమో.

శనివారం సాయంత్రానికి నా పేజీలు వెనకటి లెక్కలో మూడింట రెండు వంతులే అయ్యాయి. తప్పులు మాత్రం ఒక్కటీ లేవు. సోమవారం పొద్దున అద్దాల గదికి రమ్మని కబురొచ్చింది. లోపలికి పోయేముందు రెహానా నా భుజం నొక్కింది. సార్ టేబుల్ మీద కొత్త గ్రామం రిజిస్టర్ల కట్ట ఉంది. ఆయన తల ఎత్తకుండానే దాన్ని నా వైపు జరిపారు.

"ఇది ఎవరికి సార్?" అన్నాను. 

"ఎవురికేందమ్మా, నీకే. నీ సీట్లో కూసున్న పాపకు వేరే సీటు చూసినాం. నువ్వు మెల్లగానే చెయ్. తప్పులు దిద్దే తలనొప్పి నాకు తప్పింది. ఈడ సంతకం పెట్టి తీసుకోపో."

పుస్తకం తెరిచి సంతకం పెట్టాను. కట్ట తెచ్చుకుని నా సీట్లో కూర్చున్నాను. మొదటి పేజీ తెరిచి, సర్వే నంబరు చూసుకుని, ఎడమ స్క్రీన్ నుంచి కుడి స్క్రీన్‌కి వచ్చాను. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా ఉన్నట్టుండి తట్టింది, పొద్దున సంతకం పెట్టేటప్పుడు నాకు అసలు నా చెయ్యే గుర్తు రాలేదని.